సింగూరు అడుగంటకముందే కోత పెట్టాలా? ఉత్తర కార్తె, ఏటి ప్రవాహం, నగరం నీళ్లు

మంజీర ఒడ్డు

సభ్యులందరికీ నమస్కారం. మాది సంగారెడ్డి. 2015-16 కరువులో హైదరాబాద్‌కు నీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, మంజీర, సింగూరు జలాశయాలు ఒకదాని వెంట ఒకటి అడుగంటిన సంగతి మనలో చాలామందికి గుర్తుంది. కృష్ణా మూడు దశల పైపులైన్లూ, అప్పుడప్పుడే నగరానికి చేరిన గోదావరి నీళ్లూ లేకపోతే ఆ ఏడు హైదరాబాద్ ఖాళీ చేయవలసి వచ్చేది. అదే 2016 ఏప్రిల్‌లో, ఇదే మంజీర నీటిని నమ్ముకున్న లాతూరు పట్టణానికి మిరజ్ నుంచి సుమారు 340 కిలోమీటర్ల దూరం రైలులో తాగునీరు మోశారు. లాతూరుకు నీరిచ్చే ధనేగావ్ జలాశయమూ మనకు నీరిచ్చే సింగూరూ ఒకే ఏటి మీద ఉన్నాయి. ఎగువన ఏరు ఎండిపోతే దిగువకు నీరు రాదని చెప్పడానికి నిపుణులు అక్కరలేదు. అయినా కోతల నిర్ణయం మాత్రం ప్రతిసారీ జలాశయంలో బురద తేలిన తరువాతే జరుగుతోంది.

నేను చర్చకు పెడుతున్న విషయం ఒక్కటే. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు మన పెద్దలు. ఉత్తర కార్తె సెప్టెంబరు రెండో వారంలో మొదలై నెలాఖరుకు కాస్త ముందు ముగుస్తుంది; అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తికెత్తుకుని బతుకుదెరువు వెతుక్కోవలసిందేనని రైతు తేల్చుకునేవాడు. ఏటి ప్రవాహాన్ని రోజూ కొలిచే ఈ కాలంలో నగరం కూడా ఆ తేదీకే తన లెక్క తేల్చుకుని, అక్టోబరు నుంచే కొద్దికొద్దిగా తగ్గించి వాడుకుంటే, ఏప్రిల్‌లో ఒక్కసారిగా కుళాయిలు కట్టివేయవలసిన అవసరం తప్పుతుందని నా అభిప్రాయం. కొలతల పని తెలిసినవారూ, పంపింగ్ తెలిసినవారూ, ఆయకట్టు రైతులూ ఇక్కడ ఉన్నారు కనుక ఇది సాధ్యమా కాదా అన్నది వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జల విద్యార్థి

నేను పీజీలో జల శాస్త్రం చదువుతున్నాను. ఒక సందేహం. సింగూరు నీటిమట్టం ప్రతిరోజూ తెలుస్తూనే ఉంటుంది. నిల్వ పట్టిక చూసి అది ఎన్ని టీఎంసీలో (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) చెప్పవచ్చు. నిన్నటికీ నేటికీ ఉన్న తేడాకు బయటకు వదిలిన నీటిని, ఆవిరిని కలిపితే ఇన్‌ఫ్లో, అంటే జలాశయంలోకి వచ్చిన నీరు ఎంతో తెలిసిపోతుంది. అలాంటప్పుడు ఎగువన ఏటిలో విడిగా కొలవడం వల్ల అదనంగా తెలిసేది ఏమిటి?

గేజ్ పలక

విద్యార్థి గారి సందేహానికి జవాబు ఒక చిన్న లెక్కలోనే ఉంది. నీటి విస్తీర్ణం వంద చదరపు కిలోమీటర్లు ఉన్న జలాశయాన్ని ఊహించుకోండి. నీటిమట్టం చూపే గేజ్ పలక మీద ఒక్క సెంటీమీటరు ఎక్కువో తక్కువో చదివితే పది లక్షల ఘనపు మీటర్ల తేడా వస్తుంది, రోజు ప్రవాహంగా చూస్తే అది సుమారు 400 క్యూసెక్కులు (సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే ఒక క్యూసెక్కు). మంజీర, సింగూరు రెండింటి నుంచి కలిపి నగరానికి పూర్తి స్థాయిలో తోడుకునేది రోజుకు 12 కోట్ల గ్యాలన్లు, అంటే 120 ఎంజీడీ. అది సుమారు 223 క్యూసెక్కులు మాత్రమే. గాలి ఒక దిక్కు నుంచి గట్టిగా వీచినప్పుడు నీరు కట్ట వైపు ఒరిగి సెంటీమీటరు కంటే ఎక్కువే పెరిగినట్లు కనిపిస్తుంది. లక్ష క్యూసెక్కుల వరదలో ఈ పొరపాటును ఎవరూ పట్టించుకోనవసరం లేదు. కరువులో మాత్రం నగరం రోజంతా తాగే నీటి కంటే కొలతలోని పొరపాటే పెద్దది. అందుకే జలాశయం లెక్క నుంచి వెనక్కి రాబట్టిన ఇన్‌ఫ్లో ఎండాకాలంలో ఒకరోజు మూడు వందలు, మరునాడు సున్నా, ఆ మరునాడు మైనస్ అని కూడా వస్తుంది. మైనస్ వచ్చిన రోజు సున్నా రాసి ఊరుకుంటారు.

ఏటిలో నేరుగా కొలిచే పద్ధతి వేరు. నేను కృష్ణా, గోదావరి ఉపనదుల మీద ఉన్న కొలత కేంద్రాల్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఉదయం ఎనిమిది గంటలకు పలక చదివి, ఏటికి అడ్డంగా తాడు కట్టి, వెడల్పును భాగాలుగా పంచుకుని, ఒక్కొక్క భాగంలో లోతు చూసి, కప్పులు తిరిగే యంత్రాన్ని నీటిలోకి దించేవాళ్లం. నీరు లోతు లేకపోతే పైనుంచి పదింట ఆరు వంతుల లోతున ఒక్క కొలత చాలు. లోతు ఉంటే పదింట రెండు వంతుల దగ్గర ఒకటి, ఎనిమిది వంతుల దగ్గర ఒకటి తీసుకుని సగటు వేయాలి. భాగం వైశాల్యాన్ని వేగంతో హెచ్చవేసి, అన్ని భాగాలనూ కూడితే ఆనాటి ప్రవాహం వస్తుంది. ఇలా ఎన్నో రోజుల కొలతలను మట్టానికి ఎదురుగా గుర్తించి గీసిన వక్రరేఖే మాకు ఆధారం. ఆ తరువాత మట్టం చూస్తే చాలు, ప్రవాహం చెప్పవచ్చు. కేంద్ర జల సంఘానికి మంజీర మీద బీదర్ జిల్లా సాయిగావ్‌లో ఇలాంటి కేంద్రం ఉంది. సింగూరుకు ఏమి రాబోతోందో ముందుగా చెప్పగలిగే చోటు అది.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకూడదు. ఆ వక్రరేఖ పై భాగం, అంటే వరద భాగం, శ్రద్ధగా తయారవుతుంది. వరదప్పుడు అందరి కళ్లూ ఏటి మీదే ఉంటాయి, పై నుంచి గంటగంటకూ అడుగుతారు. కింది భాగం అలా ఉండదు. డిసెంబరులో ఏరు రెండు మూడు పాయలుగా చీలి, ఇసుకలో ఇంకుతూ, మోకాలి లోతు కూడా లేకుండా పారుతుంది. సెకనుకు పది పదిహేను సెంటీమీటర్ల కంటే నెమ్మదిగా కదిలే నీటిలో కప్పుల యంత్రం నమ్మకంగా తిరగదు. దానికి తోడు కేంద్రానికి కొద్ది దిగువన ఎవరైనా ఇసుక తవ్వుకుపోతే అడుగు దిగిపోయి, అదే నీరు పారుతున్నా పలక మీద మట్టం తక్కువగా కనిపిస్తుంది. వక్రరేఖ పాతదే, ఏరు మారిపోయింది. ఒకసారి నేను పనిచేసిన కేంద్రం దగ్గర ఇలాగే జరిగి, రెండు నెలల పాటు మేము పంపిన సంఖ్యలన్నీ ఉన్నదానికంటే తక్కువగా వెళ్లాయి. దిగువ గ్రామాల వాళ్లు "నీళ్లు వస్తున్నాయి కదా, మీరేమిటి లేవంటున్నారు" అని అడిగిన తరువాత గాని మాకు తెలియలేదు.

ఆ కొద్దిపాటి నీటికి అంత శ్రమ ఎందుకు అనేవారు ఉన్నారు. ఒక్క క్యూసెక్కు ఒక రోజంతా పారితే సుమారు 24 లక్షల 50 వేల లీటర్లు. లాతూరుకు తొలి రైలు పది వ్యాగన్లలో ఐదు లక్షల లీటర్లు తెచ్చింది. ఆ తరువాత యాభై వ్యాగన్లతో వచ్చిన రైలు మోసినది 25 లక్షల లీటర్లు. యాభై వ్యాగన్ల రైలు రోజుకు ఒకటి చొప్పున వస్తే ఏటిలో పారే ఒక క్యూసెక్కుతో సమానం. మేము లెక్క తప్పిన ఆ రెండు నెలల్లో ఎన్ని రైళ్ల నీరు పుస్తకంలోకి రాకుండా పోయిందో ఇప్పటికీ తలచుకుంటూ ఉంటాను.

మంజీర ఒడ్డు

గేజ్ పలక గారికి ధన్యవాదాలు. రైలుకూ క్యూసెక్కుకూ ఉన్న ఈ పోలిక నాకు ఇంతవరకు తట్టలేదు. ఒక ప్రశ్న. అక్టోబరులో కొలిచిన ప్రవాహం నుంచి ఫిబ్రవరిలో ఎంత వస్తుందో చెప్పగలరా?

గేజ్ పలక

వాన మళ్లీ పడకపోతే చాలావరకు చెప్పవచ్చు. వానలు ఆగిన తరువాత ఏటిలో పారేది భూమి లోపలి నుంచి ఊరే నీరు. అది ఇష్టం వచ్చినట్లు తగ్గదు. ఒక వారంలో సగానికి పడితే, తరువాతి సగానికి ఎన్ని రోజులు పడుతుందో ఆ ఏటికి ఉన్న పాత రికార్డులు చూపిస్తాయి. నేల తీరును బట్టి, భూగర్భ జలాన్ని బట్టి ఒక్కొక్క ఏటికి ఒక్కొక్క నడక ఉంటుంది. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు చివరి వరకు వారానికి రెండుసార్లయినా జాగ్రత్తగా కొలిస్తే ఆ ఏడాది తగ్గుదల రేఖ దొరుకుతుంది. అయితే మంజీర మీద ఎగువన మహారాష్ట్రలో, కర్ణాటకలో కట్టిన బ్యారేజీల తలుపులు అక్టోబరులో మూసేస్తారు. కారంజా వంటి ఉపనదుల మీదా జలాశయాలు ఉన్నాయి. అందుచేత సహజమైన తగ్గుదలకంటే మన దగ్గర ఇంకా వేగంగా తగ్గుతుంది. తలుపులు మూసిన తేదీలు తెలిస్తే ఆ మెట్టు రేఖలో స్పష్టంగా కనిపిస్తుంది. తెలియకపోతే కొలతలో తప్పు జరిగిందేమోనని అనుమానపడుతూ కూర్చుంటాం.

పంపింగ్ లెక్కలు

నేను ఒక నగర నీటి సరఫరాలో పంపింగ్, పంపిణీ విభాగాల్లో పనిచేశాను. అక్టోబరు నుంచే పొదుపు అన్న మాట వినడానికి బాగుంటుంది. దానికి ఎదురుగా నిలిచే ఒక వాస్తవాన్ని కూడా చూడాలి.

సింగూరు లోతు తక్కువ, పరపు ఎక్కువ ఉన్న జలాశయం. నిల్వ తగ్గిన ఏడాది నీటి విస్తీర్ణం యాభై చదరపు కిలోమీటర్లే ఉందనుకుందాం. రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరైతే అది సుమారు 120 క్యూసెక్కులు. నగరం పూర్తిగా తోడుకునే 223 క్యూసెక్కుల్లో ఇది సగానికి పైమాటే. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఆవిరి ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు మనం అక్టోబరులో మూడో వంతు కోత పెట్టి దాచిన నీటిని మేలో వాడుకుందామనుకుంటే, ఆ ఏడెనిమిది నెలలూ దానిలో పెద్ద భాగాన్ని ఎండే తాగేస్తుంది. ఇంట్లో కుండ మూత పెట్టి దాచినట్లు జలాశయాన్ని దాచలేం.

అందుచేత ఒకే మూలం ఉన్న నగరానికి సరిపోయే నియమం, నాలుగైదు మూలాలు ఉన్న హైదరాబాద్‌కు సరిపోదు. పరపు ఎక్కువ, లోతు తక్కువ ఉన్న సింగూరు, మంజీర నీటిని చలికాలంలోనే ముందుగా వాడుకుని, లోతైన నాగార్జునసాగర్ వాటాను వేసవికి మిగుల్చుకోవడమే లెక్క ప్రకారం లాభం. కృష్ణా మూడు దశలు కలిపి 270 ఎంజీడీ, దానికి ఏడాదికి 16.5 టీఎంసీలు; గోదావరి నుంచి ఎల్లంపల్లి ద్వారా 172 ఎంజీడీ, దానికి 10 టీఎంసీలు.

ఈ లెక్కకు రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది, సాగర్ నీరు ఎప్పుడూ చేతికందేలా ఉండదు. పూర్తి స్థాయి మట్టం 590 అడుగులు; 510 అడుగులకు పడిపోతే నగరానికి కృష్ణా నీరు తోడే పుట్టంగండి దగ్గర మామూలు పంపులకు నీరందక, అత్యవసర పంపులు దించవలసి వస్తుంది. 2024 వేసవిలో అదే జరిగింది. కనుక వేసవికి సాగర్ ఉంది కదా అని ధీమాగా ఉండాలంటే కృష్ణా ఎగువ ప్రవాహాన్ని కూడా అదే సెప్టెంబరులో చూడాలి. రెండోది పైపుల అమరిక. పటాన్‌చెరు, రామచంద్రాపురం, లింగంపల్లి వైపు ప్రాంతాలు పుట్టుకతోనే మంజీర లైను మీద పెరిగాయి. మంజీర ఆగితే కృష్ణా నీటిని నగరం మరో కొస నుంచి అక్కడికి ఎదురు ఎక్కించాలి. నగరం మొత్తం మీద నీరు సరిపోతుందని కాగితం చెబుతుంది, ఆ కొసన ఉన్న ట్యాంకులోకి మాత్రం నీరు ఎక్కదు. అనుసంధాన లైన్లు సిద్ధంగా ఉన్నాయా అన్నది అక్టోబరులోనే పరీక్షించి చూడాలి. నా దృష్టిలో ముందస్తు నిర్ణయం వల్ల కలిగే అసలు ప్రయోజనం కోతకంటే ఇదే.

చివరి కుళాయి

పైన రాసిన రెండో అడ్డంకిలో మా ఇల్లు ఉంది. మాది లైను చివరన, మిట్ట మీద ఉన్న కాలనీ. కరువు ఏడాది రోజు విడిచి రోజు అన్నారు. క్రమంగా అది మూడు రోజులకు ఒకసారి అయింది. మా వీధికి వచ్చేసరికి వాల్వు తిప్పిన మొదటి గంటన్నర గాలే వచ్చేది, తరువాత మట్టి రంగు నీరు, తెల్లటి నీరు వచ్చేసరికి కట్టేసే సమయం. మీటరు మాత్రం గాలికి కూడా తిరిగింది. ఈ విషయం ఎన్నిసార్లు చెప్పుకున్నా ఎవరి పట్టికలోనూ చేరలేదు, ఎందుకంటే రిజర్వాయరు దగ్గర వదిలిన పరిమాణం రాస్తారు తప్ప చివరి కుళాయి దగ్గర అందినది ఎవరూ రాయరు.

పెద్ద సంపు ఉన్నవాళ్లకు రోజు విడిచి రోజు సరఫరా ఒక ఇబ్బందే కాదు. వాళ్లు రెండు రోజుల నీటిని ఒకేసారి నింపుకుంటారు. పైపుకే నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లు ఉంటే, వాళ్ల తరువాతి ఇళ్లకు బిందె కూడా నిండదు. పైపులో ఒత్తిడి పడిపోయి పక్కనున్న మురుగు లోపలికి చేరే ప్రమాదం కూడా అప్పుడే. ఏటిలో క్యూసెక్కు క్యూసెక్కుకూ లెక్క కట్టాలని మీరు వాదిస్తున్నందుకు సంతోషం. ఆ లెక్క నగరం హద్దు దగ్గర ఆగిపోతే, కరువు భారం మొత్తం మా వంటి చివరి వీధుల మీదే పడుతుంది. రోజూ కొద్దిసేపే అయినా తగిన ఒత్తిడితో అందరికీ ఇవ్వడం సాధ్యం కాదా?

పంపింగ్ లెక్కలు

అమ్మా, మీరు రాసినదంతా నిజం. రోజూ ఇస్తే మంచిదే గాని, పైపు నిండిన ప్రతిసారీ కారుతున్న చోట్లన్నీ కారుతాయి, ఖాళీ పైపు నింపడానికే కొంత నీరు పోతుంది. రోజు విడిచి రోజు పద్ధతి ఎంచుకోవడానికి కారణం అదే. అయితే ఆ ఆదా ఎక్కువగా లైను మొదట్లో ఉన్నవాళ్లకు చేరి, నష్టం చివరన ఉన్నవాళ్లకు మిగులుతుందని కూడా ఒప్పుకోవాలి. నేను చూసినంతలో కొంత ఫలితం ఇచ్చిన పద్ధతి ఒకటి ఉంది. కోత పెట్టిన వారంలోనే ప్రతి సరఫరా మండలంలో చివరి రెండు మూడు కుళాయిల దగ్గర ఒత్తిడి కొలిచి, అక్కడ నీరు అందేవరకు మొదటి వీధుల వాల్వులను సగం వరకే తెరిచి ఉంచాలి. ఇందుకు కొత్త యంత్రాలేవీ అక్కరలేదు. లైన్‌మెన్‌కు ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో చేతికి తెలుసు. మొదటి వీధుల నుంచి ఫోన్లు వస్తాయి, వాటిని తట్టుకునే అధికారి కావాలి.

ఘన్‌పూర్ ఆయకట్టు

నేను మెదక్ జిల్లాలో ఘన్‌పూర్ ఆనకట్ట కింద మూడెకరాలు సాగు చేస్తాను. 1905లో కట్టిన ఆనకట్ట అది. మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు. సింగూరు నుంచి వదిలితేనే మా కాలువలకు నీరు.

తాగునీటికి మొదటి హక్కు అన్నదాన్ని మేము ఎప్పుడూ కాదనలేదు. గొంతు తడవని చోట పొలం తడపాలని ఏ రైతూ అడగడు. మా బాధ వేరు. యాసంగికి నీరు ఇస్తారో లేదో నవంబరు దాటినా తేలదు. ఇస్తారేమోనన్న ఆశతో నారు పోస్తాం. నారు ఎదిగి నాటు వేసే వేళకు "ఈసారి లేదు" అంటారు. అప్పటికి విత్తనం పోయింది, దుక్కి ఖర్చు పోయింది, అంతకంటే ముఖ్యంగా పదును పోయింది. అదే మాట అక్టోబరు మొదటి వారంలో చెబితే, నేలలో ఉన్న తడితోనే శనగో తెల్ల జొన్నో వేసుకుంటాం, వాటికి కాలువ నీటితో పని లేదు. మా వైపు నల్ల నేలలున్నవాళ్లు అది చేయగలరు. కనుక ముందస్తు నిర్ణయం వల్ల నగరానికి ఎంత లాభమో నాకు తెలియదు గాని, రైతుకు మాత్రం ఒక పంట మిగులుతుంది. నీరు ఇవ్వలేకపోయినా తేదీ ఇవ్వమని మా వినతి.

చెన్నపట్నం తెలుగు

నేను చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాడిని. మా నగరం సంగతి కొంత చెప్పవచ్చునని రాస్తున్నాను.

పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ కలిపితే నిండా 11 టీఎంసీలు చిల్లర. 2018లో ఈశాన్య రుతుపవనం దెబ్బతీసిన తరువాత, 2019 జూన్ నాటికి ఆ నాలుగింటిలో మిగిలినది నూటికి ఒక వంతు కూడా లేదు. రోజుకు 83 కోట్ల లీటర్ల సరఫరా 52 కోట్ల 50 లక్షల లీటర్లకు పడిపోయింది. జూలైలో జోలార్‌పేట నుంచి రైలులో నీరు తెచ్చారు, ఒక్కొక్క రైలుకు 25 లక్షల లీటర్లు. గేజ్ పలక గారి లెక్క ప్రకారం అదీ ఒక క్యూసెక్కే. సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే మీంజూరు, నెమ్మేలి కేంద్రాలు రెండూ రోజుకు చెరొక పది కోట్ల లీటర్లు ఇచ్చాయి గనుక ఊరు నిలబడింది.

మా ఈశాన్య రుతుపవనం అక్టోబరులో గాని మొదలు కాదు, కనుక ఉత్తర కార్తె తేదీ మాకు పనికిరాదు. మా నీటి నిర్ణయం జనవరి మొదట్లో జరగాలి. మీ చర్చలో నాకు ముఖ్యంగా కనిపించినది రెండు చోట్ల కొలవడం అన్న విషయం. 1983లో రామారావు గారు, ఎం.జి.ఆర్. గారు కుదుర్చుకున్న తెలుగు గంగ ఒప్పందంలో కృష్ణా నుంచి 15 టీఎంసీలు విడుదల చేసి, దారిలో పోయేది పోగా సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు అందించాలని ఉంది. కండలేరు నుంచి సరిహద్దు వరకు 152 కిలోమీటర్ల కాలువ. వదిలినచోట ఒక కొలత, ఊత్తుకోట దగ్గర జీరో పాయింటులో ఒక కొలత. 1996లో తొలిసారి నీరు వచ్చినప్పటి నుంచి ఆ రెండు సంఖ్యల మధ్య తేడా మీదే ఎన్నో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. అయినా రెండు కొలతలు ఉండబట్టే కాలువ గట్లు జారుతున్నాయని, మట్టి తాగేస్తున్నదని తేలింది. సత్యసాయి ట్రస్టు ముందుకు వచ్చి కాలువకు లైనింగ్ చేయించిన తరువాత నీరు మెరుగ్గా చేరింది. ఒక్క చోటే కొలిచి ఉంటే ఎవరి మాట నిజమో ఎవరూ చెప్పలేకపోయేవారు. మీరు సాయిగావ్ దగ్గర ఒకటి, సింగూరు తలాన ఒకటి కొలిచి, మధ్యలో పోయేది ఎంతో ప్రతి నెలా బయట పెట్టగలిగితే, కరువు వచ్చినప్పుడు రెండు రాష్ట్రాల మధ్య మాటామాటా పెరగదు.

జల విద్యార్థి

అందరి వివరణలకూ కృతజ్ఞతలు. గేజ్ పలక గారి లెక్కతో నా మొదటి సందేహం తీరింది. ఇప్పుడు మంజీర ఒడ్డు గారి ప్రతిపాదన మీదే ఒక అభ్యంతరం. 2016లో ఉత్తర కార్తె సగం గడిచే వరకు సింగూరులో నీరు లేదు. సెప్టెంబరు 20 దాటిన తరువాత కురిసిన వానలకు కొద్ది రోజుల్లోనే జలాశయం నిండి, గేట్లు ఎత్తవలసి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 15న "ఇక రాదు" అని తేల్చి ఉంటే, రైతును యాసంగి మానుకోమని చెప్పి ఉంటే, ఆ నిర్ణయం పూర్తిగా తప్పయ్యేది. 2020లో హైదరాబాద్ మీద కుండపోత వాన పడింది అక్టోబరు 13, 14 తేదీల్లో. బంగాళాఖాతంలో వాయుగుండం ఎప్పుడు పుడుతుందో ఏ కార్తె చెప్పగలదు?

మంజీర ఒడ్డు

అభ్యంతరం సరైనదే, నా మాటను కొంత సవరించుకుంటున్నాను. ఉత్తర ముగిసిన నాడు మొదటి లెక్క, చిత్త సగమయ్యే నాటికి, అంటే అక్టోబరు మూడో వారానికి, రెండో లెక్క ఉండాలి. మొదటి లెక్కలో నిల్వ, ప్రవాహం రెండూ తక్కువగా ఉంటే ఖర్చులేని పనులు మొదలుపెట్టాలి. అనుసంధాన లైన్లు పరీక్షించడం, చివరి కుళాయిల ఒత్తిడి కొలవడం, కారుతున్న చోట్లు మూయడం, తాగే నీటితో బండ్లు కడగడం, తోటలు తడపడం ఆపమనడం, ఇవన్నీ తరువాత వాన పడినా వృథా కావు. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగితే ఐదు వేల రూపాయల జరిమానా అన్నారు. అప్పటికే బోర్లు ఎండిపోయాయి. అదే మాట ముందటి అక్టోబరులో చెప్పి ఉంటే ఎంత నీరు మిగిలేదో ఆలోచించండి. రైతుకు చెప్పే మాట, సరఫరాలో కోత రెండో లెక్క తరువాతే. అక్టోబరు మూడో వారంలో చెప్పినా శనగ వేసుకోవడానికి వేళ మించిపోదని నేను అనుకుంటున్నాను. ఘన్‌పూర్ సోదరులు చెప్పాలి.

పంపింగ్ లెక్కలు గారు ఆవిరి గురించి రాసినది చదివాక నా మొదటి ఆలోచనలోని లోపం కూడా తెలిసింది. సింగూరులో దాచడం కాదు, సింగూరును ముందు వాడి, సాగర్‌లో, ఎల్లంపల్లిలో నగరం వాటాను దాచడం. అయితే ఒక మాట. సింగూరు కింద నారాయణఖేడ్, జహీరాబాద్, అందోలు, సంగారెడ్డి ఊళ్లకు వేరే మూలం లేదు. 2016లో నిండిన సింగూరు 2019 వేసవికి మళ్లీ అడుగంటినప్పుడు నగరానికి కృష్ణా, గోదావరి ఉన్నాయి. మాకు ట్యాంకర్లు మిగిలాయి. ముందు వాడుకోవడానికి ఒక హద్దు గీసి, దాని కిందికి నగరం తోడకూడదన్న నియమం ఉంటేనే ఈ పద్ధతికి నేను ఒప్పుకుంటాను.

ఘన్‌పూర్ ఆయకట్టు

అక్టోబరు 20 అయినా శనగకు వేళ మించిపోదు. జొన్నకు కొంచెం ఆలస్యమే, అయినా పండుతుంది. నవంబరు దాటితే మాత్రం ఏదీ కుదరదు. ఆ తేదీని కాగితం మీద రాసి పంచాయతీ గోడకు అంటించినా మాకు చాలు.

గేజ్ పలక

హద్దు గీయడం గురించి ఒక హెచ్చరిక. ఆ హద్దు టీఎంసీల్లో రాస్తే మోసపోతాం. నిల్వ పట్టిక జలాశయం కట్టిన నాటిది అయితే, అడుగున చేరిన పూడికను కూడా అది నీరుగానే లెక్కపెడుతుంది. ఇదే మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ మొదట 29.7 టీఎంసీల జలాశయం. పూడిక తినేయగా, మట్టం పెంచిన తరువాత కూడా అది నేడు 17.8 టీఎంసీలే. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు తగ్గింది. పూడిక కింది భాగంలోనూ చేరుతుంది, కరువులో మనం నమ్ముకునేది ఆ కింది భాగాన్నే. కనుక సింగూరుకు కొత్తగా పూడిక కొలిచి పట్టిక సరిచేసే వరకు హద్దును అడుగుల్లో, తోడే పైపు నోటికి ఎంత ఎత్తున నీరుండాలన్న లెక్కలో రాయడం మంచిది. ఉపగ్రహ చిత్రాల్లో నీటి పరపు కనిపిస్తుంది. బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం వంటి సంస్థ మన నగరంలోనే ఉంది. నీరు తగ్గుతున్న వేసవిలో వారం వారం పరపును, ఆనాటి మట్టాన్ని పక్కపక్కన గుర్తిస్తూ పోతే, పడవ దించకుండానే కింది భాగం పట్టికను చాలావరకు సరిచేయవచ్చు. జలాశయం పూర్తిగా ఎండిన 2016 వంటి ఏడాది ఆ పనికి దొరికే అరుదైన అవకాశం.

జల విద్యార్థి

ఆ చివరి పనిని నా ప్రాజెక్టుగా తీసుకోవచ్చునా అని మా గురువు గారిని అడుగుతాను. 2015 నుంచి 2019 వరకు ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. మట్టాల రికార్డు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టగలరు.

చివరి కుళాయి

నేను ఒక పని మొదలుపెట్టాను. మా వీధిలో నీరు వచ్చిన ప్రతిరోజూ వాల్వు తెరిచిన సమయం, తెల్లటి నీరు మొదలైన సమయం, పది లీటర్ల బకెట్టు నిండడానికి పట్టిన సెకన్లు ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను. గత పన్నెండు సరఫరాల్లో బకెట్టు నిండడానికి తక్కువలో తక్కువ 70 సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 310 సెకన్లు పట్టింది. పంపింగ్ లెక్కలు గారూ, దీని నుంచి ఒత్తిడి అంచనా వేయవచ్చునా?

పంపింగ్ లెక్కలు

ఒత్తిడి ఎంతో నేరుగా చెప్పలేకపోయినా, ఒకే కుళాయిని ప్రతిసారీ పూర్తిగా తిప్పి కొలుస్తున్నారు కనుక తేడాలు నమ్మదగినవే. 310 సెకన్లు పట్టిన రోజుల తేదీలు రాయండి. ఆ రోజుల్లో మీ పై వీధి వాల్వు ఎంతవరకు తెరిచారో లైన్‌మెన్‌ను అడిగి తెలుసుకోండి. వీలైతే లైను మొదట్లో ఉన్న ఒక ఇంట్లో కూడా అదే బకెట్టుతో, అదే గంటలో కొలిపించండి. రెండు సంఖ్యలూ పక్కపక్కన ఉన్న ఒక్క పేజీ చాలు, మీ మండల కార్యాలయంలో మాట్లాడడానికి నేను కూడా వస్తాను.